స్వతంత్రం ఎవరి నుంచి?

ఎన్నికల లెక్కల్లో 'ఇండిపెండెంట్' అనేది ఒక గడి. ఏ నమోదైన పార్టీ తరఫునా నిలబడనివాళ్లందర్నీ అందులో వేస్తారు. టికెట్టు రాక అలిగినవాళ్లూ, పేరు కోసం నిలబడ్డవాళ్లూ, డిపాజిట్లు పోగొట్టుకున్నవాళ్లూ అంతా అక్కడే. 1957లో 42 మంది ఇండిపెండెంట్లు లోక్‌సభకు వెళ్లారు. 2024లో వెళ్లింది ఏడుగురే. అంతగా చిక్కిపోయిన ఆ గడిలోనే హైదరాబాద్ పాతబస్తీ రెండుసార్లు తన మాట రాసింది. ఒకటి 1962లో, రెండోది 1984లో. ముస్లిం ఓటు గురించి తేలిగ్గా మాట్లాడే సెక్యులర్ మిత్రులూ, మనవాళ్లూ ఆ రెండు ఎన్నికల్నీ మళ్లీ చూడాలి.

1962లో పత్తర్‌గట్టీ నుంచి కాంగ్రెస్ అభ్యర్థి మాసూమా బేగం. 1952 నుంచీ శాసనసభ్యురాలు. సంజీవయ్య మంత్రివర్గంలో మంత్రిగా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయిన తొలి ముస్లిం మహిళ. ఆమెను ఓడించింది సలావుద్దీన్ ఒవైసీ. కాగితం మీద ఇండిపెండెంట్, వెనక ఉన్నది మజ్లిస్. అంతకు రెండేళ్ల ముందే మల్లేపల్లి నుంచి మునిసిపల్ ఎన్నికలో గెలిచిన యువకుడు.

దీన్ని ప్రగతి మీద ఛాందసం గెలుపు అని చెప్పడం చాలా సులువు. కానీ ఆ ఓటు వేసినవాళ్లు ఏం దాటుకుని వచ్చారు? 1948 పోలీసు చర్యలో, ఆ తర్వాతి రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికే రాలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం దొరికింది గానీ, వాళ్ల దేవిడీల్లో బతికిన గుమాస్తాలకూ, వంటవాళ్లకూ, కావలివాళ్లకూ ఏం దొరికింది? కచేరీల్లో ఉర్దూ పోయింది, దాంతో ఉర్దూ మాత్రమే వచ్చినవాళ్ల నౌకరీలకూ దారి మూసుకుంది. కాంగ్రెస్ ఒక గౌరవనీయురాలైన ముస్లింకు టికెట్టిచ్చింది, నిజమే. ఆ గాయం పేరెత్తే చోటు మాత్రం ఆ టికెట్టులో లేదు. మా తరఫున మాట్లాడేవాళ్లను మీరు ఎంపిక చేసి పంపడమేమిటన్నదే పత్తర్‌గట్టీ అడిగిన ప్రశ్న.

ఆ గెలుపు ఖరీదు కూడా చెప్పుకోవాలి. మాసూమా బేగం ఓడిన తర్వాత ఇన్ని దశాబ్దాల్లో మజ్లిస్ తరఫున ఒక్క మహిళ కూడా హైదరాబాద్ శాసనసభలో అడుగు పెట్టలేదు. పరాయి పార్టీ ఎంపికను కాదన్న సమాజం తన ఆడవాళ్ల గొంతు ఎక్కడ పోయిందో ఎందుకు అడగలేదు?

1984 సంగతి మరోటి. అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. డిసెంబర్ ఎన్నికల్లో కాంగ్రెస్ దేశంలో 400కు పైగా స్థానాలు ఊడ్చుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం, ఆగస్టులో ఎన్.టి.రామారావును గద్దె దించిన కోపంలో, జనం 42 స్థానాల్లో 30 తెలుగుదేశానికి ఇచ్చారు. రెండు ప్రభంజనాలు. ఒకరిది చెయ్యి, ఇంకొకరిది సైకిలు. చదువు రాని ఓటరు కూడా గుర్తుపట్టే గుర్తులు. ఇండిపెండెంటుకు ఎన్నిక వచ్చినప్పుడల్లా మిగిలిన గుర్తుల్లోంచి ఒకటి ఇస్తారు. దాన్ని కొద్ది రోజుల్లో గల్లీ గల్లీకీ తిరిగి చెప్పుకోవాలి. పైగా ఆ ఏడు నగరమంతా మత కల్లోలాలు, కర్ఫ్యూలు. అయినా హైదరాబాద్ స్థానం ఇండిపెండెంటు సలావుద్దీన్ ఒవైసీకే దక్కింది, అదీ తెలుగుదేశం అభ్యర్థి మీద కొద్దిపాటి ఆధిక్యంతో. 1952లో కాంగ్రెస్ తరఫున అహ్మద్ మొహియుద్దీన్ గెలిచిన ఈ నగరం నుంచి, హైదరాబాద్ స్థానానికి మళ్లీ ఒక ముస్లిం ఎన్నిక కావడానికి మూడు దశాబ్దాలు దాటింది.

ఇక్కడితో ఆగిపోతే కథ బాగుంటుంది. ఆగకూడదు. ఆయన వరసగా ఆరుసార్లు గెలిచి 2004 దాకా ఆ స్థానంలో ఉన్నారు. 2004లో కుమారుడు అసదుద్దీన్ గెలిచారు, 2024 దాకా ప్రతి ఎన్నికలోనూ ఆయనే. రెండు పెద్ద పార్టీల్ని కాదన్న ఇండిపెండెంటు గడి ఒక ఇంటి గడి అయింది.

అలాగని ఓటరు కళ్లు మూసుకున్నాడనలేం. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత అమానుల్లా ఖాన్ మజ్లిస్ నుంచి విడిపోయి 1993లో మజ్లిస్ బచావో తెహ్రీక్ పెట్టారు. 1994 శాసనసభ ఎన్నికల్లో తెహ్రీక్‌కు రెండు స్థానాలొస్తే మజ్లిస్‌కు దక్కింది ఒకటే. 'ఓటు బ్యాంకు' అని మనల్ని ఎగతాళి చేసేవాళ్లు ఈ లెక్క ఎందుకు చెప్పరు? బ్యాంకులో దాచిన సొమ్ము తనంత తాను లేచి వెళ్లిపోతుందా?

ఇక పాతబస్తీ దాటితే ఏముంది? జిల్లాల్లో తెలుగే ఇంటి భాషగా బతికే దూదేకులవాళ్లున్నారు. 2007లో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చేటప్పుడు చట్టమే మనలో వెనకబడిన కులాల్ని ఒక్కొక్కటిగా పేర్లు పెట్టి చెప్పాల్సి వచ్చింది. వాళ్లందరి తరఫునా చార్మినార్ నీడలోంచి ఒక్క గొంతే మాట్లాడితే సరిపోతుందా? 1962లో పత్తర్‌గట్టీ కాంగ్రెస్‌ను అడిగిన ప్రశ్న ఇప్పుడు మన ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉంది. మా తరఫున మాట్లాడేవాళ్లను ఎంపిక చేసేదెవరు? పెద్ద పార్టీల్ని అడిగినంత గట్టిగా మనవాళ్లనూ అడగాలి.