దృఢ చరవాణి: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందలి చరిత్ర

ఎండకును, ధూళికిని, నీటికిని, పాటుకును ఓర్చునట్లు నిర్మింపబడిన చేతి ఫోను దృఢ చరవాణి యనబడును. వర్తకులు దీనిని రగ్గడ్ ఫోను అందురు. జనులు గట్టి సెల్లు అందురు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల చుట్టునుగల పల్లెలలో, ఆ పేరు పెట్టి అమ్మబడు ఫోనులు అరుదు. ఐనను గట్టి ఫోను లేనిదే జరుగుబాటు కష్టమగు బ్రతుకులు ఈ సీమలో వేలకొలది గలవు. చౌక ఫోనునకు ఒకప్పుడు సహజధర్మముగా నుండిన దార్ఢ్యము స్మార్ట్ ఫోను కాలమునకు వేరుగా వెలయిచ్చి కొనవలసిన గుణముగా మారుటయు, ఆరుబయట కూలిచేసి బ్రతుకువానికి స్మార్ట్ ఫోను విధిగా నుండవలసిన వస్తువగుటయు ఒకే కాలమున సంభవించుట యీ చరిత్రలోని ముఖ్యాంశము.

బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు కర్నూలు జిల్లాలో చేరినవి. తెలుగును కన్నడమును కలసి వినవచ్చు ఈ సీమలో నల్లరేగడి విస్తారము, ప్రత్తి ప్రధానమైన పంట. ఆ ప్రత్తిని కొని, గింజ తీసి, బేళ్లుగా కట్టు జిన్నింగు మిల్లులును, విశాలమైన వ్యవసాయ మార్కెట్టు యార్డును ఆదోనికి వాణిజ్యఖ్యాతి తెచ్చినవి. ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘముచేత ప్రసిద్ధమైనది. నేతగాడు ఇంటి నీడను, మగ్గపు గుంతలో కూర్చుండి పనిచేయువాడగుటచే అతని ఫోనుకు ఎండ భయము లేదు. తక్కిన జనములో పెక్కుమంది పొలములలోను, కాలువ గట్లమీదను, జీవాల వెంటను, యార్డులోని బోరెముల నడుమను పగలు గడపువారు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియసును దాటుట ఇచట సామాన్యము. రేగడి మన్ను ఎండినచో మెత్తని పొడియై గాలికి లేచును, తడిసినచో జిగురై పట్టినదాని నెల్ల పట్టుకొనును; జిన్నింగు మిల్లు దరిదాపులలో దూది నూగు ఏ సందు దొరకినను దూరి కూర్చుండును. ఒక ఫోనుకు ఇన్ని పరీక్షలు ఒక్క చోటనే యెదురగుట ఈ సీమ ప్రత్యేకత.

భారతదేశమున తొలి సెల్ ఫోను సంభాషణము 1995 జులై 31న, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసునకును కేంద్ర సమాచార మంత్రి సుఖ్‌రామునకును నడుమ జరిగినది. అటుపిమ్మట కొన్నియేండ్ల వరకు, మాటాడినవానికే గాక విన్నవానికిని రుసుము పడుచుండుటచే, సెల్ ఫోను నగరములలోని సంపన్నుల వస్తువుగనే యుండెను. పల్లెవాని కక్కరకు వచ్చినది ఎస్.టి.డి. బూతు మాత్రమే. 2003లో వచ్చు కాల్సుకు రుసుము తొలగుటతో స్థితి మారెను. ఆ సంవత్సరముననే నోకియా సంస్థ 1100 అను నమూనాను విపణికి తెచ్చినది. ఈ ఫోను దృఢ చరవాణి యను పేరుతో అమ్మబడలేదు. కాని దాని నిర్మాణము నరయునపుడు అంతకంటె తగిన పేరు దానికి తోపదు. అంకెల మీటల నన్నిటిని కప్పుచు ఒకే రబ్బరు పొర పరచియుండుటచే ధూళి లోనికి పోదు. చెమట చేతినుండి జారకుండ ప్రక్కలు గరుకుచేయబడినవి. తలమీద చిన్న టార్చి గలదు. బరువు 86 గ్రాములు. ఒక్కసారి ఛార్జి చేసినచో వాడకము తక్కువైనయెడల దినములకొలది నిలుచును. క్రింద పడినపుడు వెనుక మూత యొకవైపునకు, బ్యాటరీ యొకవైపునకు చెదరిపోవును. ఆ చెదరుటలోనే దెబ్బ తీవ్రత చాలవరకు వ్యయమై, ముక్కలు మూడును ఏరి కూర్చిన మరల పనిచేయును. ప్రపంచమున ఇరువదియైదు కోట్లకు పైబడి అమ్ముడైన ఈ ఫోను, శ్రమజీవి దినచర్యను చక్కగా గమనించి యెవరో బుద్ధిమంతులు గీచిన వస్తువని నిస్సంశయముగా చెప్పవచ్చును.

ఈ బటన్ ఫోనును అత్యధికముగా నమ్ముకొన్నవారిలో సుగ్గికి, అనగా కోతకాలపు వలసకూలికి, పోవు కుటుంబములను ముందుగా పేర్కొనవలెను. వానలు మొగము చాటువేసిన యేడు కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయము, ఎమ్మిగనూరు మండలముల పల్లెలనుండి జనులు గుంటూరు సీమకు మిరప కోతలకును, తెలంగాణ, కర్ణాటకములకు ప్రత్తి తీతకును తరలిపోవుదురు. చేని గట్టున గుడారమువేసి నెలలకొలది యుండు వీరికి, ఊరిలో విడిచివచ్చిన ముసలివారితోను పిల్లలతోను మాటయనునది రొంటిన దోపుకొన్న ఆ చిన్న ఫోను ద్వారమున మాత్రమే సాధ్యమయ్యెను. ప్రత్తి తీయు స్త్రీ ఒడి కట్టుకొని, దాని నిండ ప్రత్తి నింపుకొనుచు, పగలంతయు వంగి నడచును గనుక, ఆమె దేహముపై ఏ వస్తువైనను తేలికగా నుండవలెను. జీవాల కాపరికి కావలసినది మరియొకటి: కరెంటు లేని చోట్ల రాత్రులు గడపువాడగుటచే, రెండు మూడు దినములు ఆరిపోని బ్యాటరీయే అతని దృష్టిలో గట్టిదనము.

2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర పొంగి మంత్రాలయమును, హంద్రితో కూడి కర్నూలు నగరమును ముంచెత్తినది. ఇండ్లలోని సామగ్రితోపాటు ఫోనులును నీట మునిగినవి. విద్యుత్తు లేక, మిగిలిన ఫోనులు ఛార్జి లేక మూగపోయినవి. వరద తీసిన పిదప, తడిసిన ఫోను విప్పి బ్యాటరీని వేరుచేసి ఎండబెట్టుకొను అవకాశము నాటి ఫోనుల కుండెను. మూత అతికింపబడి, విప్పుటకు వీలులేని నేటి ఫోనునకు ఆ గతి లేదు.

ప్రపంచమున, దార్ఢ్యమునే ముఖ్యోద్దేశముగా గైకొని నిర్మించిన ఫోనులు సహస్రాబ్ది సంధికాలమున వెలువడినవి: స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థ ఆర్ 310 ఎస్, నోకియా 6250 అను నమూనాలు 2000 ప్రాంతమునకు చెందినవి. స్మార్ట్ ఫోనులలో మోటరోలా డెఫై 2010లోను, శామ్‌సంగు ఎక్స్‌కవర్ 2011లోను వచ్చినవి. పిమ్మట, భూమి త్రవ్వు యంత్రములకు పేరొందిన క్యాటర్‌పిల్లర్ ముద్రతో బ్రిటను దేశపు బుల్లిట్ సంస్థ ఫోనులు చేయించి, 2016లో ఉష్ణచిత్రములు తీయు కెమెరాగల ఎస్ 60 నమూనాను సైతము అమ్మి, 2024 ఆరంభమున మూతపడెను. వీనిలో దాదాపు దేనికిని ఆదోని అంగళ్లలో స్థానము లభింపలేదు.

ఇచటి జనులకు స్మార్ట్ ఫోను చేరువైనది 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమైన తరువాతనే. చౌక డేటాతో టచ్ ఫోను పల్లె పల్లెకు ప్రాకెను. దానితోపాటు గాజు పగులుట యను క్రొత్త వ్యయమును ప్రవేశించెను. బటన్ ఫోనునకు తెలియని టెంపర్డ్ గ్లాసు, బ్యాక్ కవరు, పౌచ్ అనునవి ఫోనుతో కలిపి కొనవలసిన సామగ్రియైనవి. డిస్‌ప్లే పోయినచో క్రొత్త దానిని వేయించుటకు పెక్కు దినముల కూలి కావలెను. మరమ్మతు బల్లవద్ద ఒక దృశ్యము తరచు కాననగును: ఛార్జింగు ఎక్కుట లేదని తెచ్చిన ఫోను నోటిలో మరమ్మతుకారుడు సన్నని సూదిని పోనిచ్చి మెల్లగా త్రిప్పగా, చెమటతోను మన్నుతోను కలిసి గట్టిపడిన దూది యొక చిన్న బిళ్లయై వెలికివచ్చును, అంతట ఫోను ఛార్జి నందుకొనును. స్పీకరు జాలిలో చిక్కిన నూగు అంత సులభముగా రాదు. మెత్తని కుంచెతో ఎంత సేపో తుడువవలెను.

దార్ఢ్యమును కొలుచు ప్రమాణములు రెండు. అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము 1976లో ప్రకటించిన ఐ.పి. సంకేతమందు మొదటి అంకె ధూళినుండియు, రెండవది నీటినుండియు గల రక్షణను తెలుపును. ఐ.పి. 67 అనగా ధూళి చొరనిది, మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడనిది. రెండవ ప్రమాణము అమెరికా సైన్యము 1962లో ఏర్పరచుకొన్న మిల్-ఎస్.టి.డి.-810. ఇందలి పతన పరీక్షలో కాంక్రీటుపై పరచిన ప్లైవుడ్డు మీదికి 122 సెంటీమీటర్ల ఎత్తునుండి 26 మారులు వేయుదురు. కాని ఆ దెబ్బలను అయిదు ఫోనులకు పంచుటకు వీలుగలదు, ఫలితమును నిర్మాతయే ప్రకటించుకొనవచ్చును. ధూళి పరీక్షకు వాడునది టాల్కం పొడి. నీటి పరీక్షకు వాడునది స్వచ్ఛమైన నీరు. రేగడి బురద, మందు కలిపిన నీరు, ఉప్పు చెమట, దూది నూగు ఈ పరీక్షశాలలలో లేవు. నూగు ఫోను లోనికి చొరబడనక్కరలేదు. వెలుపలి రంధ్రములను మూసినంతనే మాట వినబడక పోవును. కావున పెట్టెమీది అంకె అసత్యము కాకున్నను, ఈ సీమ రైతునకు అది సంపూర్ణ సత్యమును గాదు.

అన్నిటికంటె క్లిష్టమైనది ఎండ. ఆపిల్ సంస్థ తన ఫోనులను 0 నుండి 35 డిగ్రీల పరిసరోష్ణతలో వాడవలెనని సూచించును. ఏప్రిలు, మే మాసములలో ఆదోని మధ్యాహ్నము ఆ హద్దు నెంతయో మీరును. లిథియం అయాన్ బ్యాటరీకి 45 డిగ్రీలపై ఛార్జి చేయుట హానికరము గనుక ఫోను తానే ఛార్జింగును నిలిపివేయును, తెర మసకబారును, ఒక్కొక్కపుడు చల్లారువరకు ఏ పనియు చేయదు. దెబ్బలనుండి కాపాడుటకై తొడిగిన దట్టమైన నల్ల రబ్బరు తొడుగు లోని వేడిని బయటికి పోనీయదు, బయటి ఎండను పీల్చుకొనును. చలిదేశముల పనిమంతులకై గీచిన కవచము రాయలసీమ ఎండలో కొంతవరకు ప్రతికూలముగా పరిణమించుట గమనింపదగినది. అట్లే, అరచేతులు కాయలు కాచి, చర్మము ఎండి బిరుసెక్కిన వ్రేళ్లను స్పర్శాతెర గుర్తించుటకు తడబడును. తడి వ్రేలిని అంతకంటె తక్కువగా గుర్తించును.

ఇంతటి సున్నితమైన వస్తువును ఆరుబయటి పనికి విధిగా చేసినది ప్రభుత్వ విధానమే. 2020 ఫిబ్రవరిలో ఇంటివద్దనే పింఛను పంపిణీ ఆరంభమైనపుడు గ్రామ వాలంటీర్లకు ఫోనులు ప్రభుత్వమే యిచ్చినది. ఈ-క్రాప్ నమోదునకై సిబ్బంది పొలముగట్టున నిలిచి పంట ఫొటో తీయవలసి వచ్చెను. ఉపాధి హామీ పనులకై కేంద్రము 2021 మే 21న ప్రవేశపెట్టి, 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేసిన హాజరు యాప్ ప్రకారము, పనిచోటనే, రోజునకు రెండు పూటల, కూలీల ఫొటో స్థలసూచికతోసహా తీయవలెను. ఆ ఫొటో ఎక్కనియెడల మస్టరులో హాజరు పడదు, హాజరు పడనిచో కూలి రాదు. చెరువు పూడికతీత చోట, కూలీల పనిని పర్యవేక్షించు మేట్ చేతి ఛాయలో తెర చూచుకొనుచు, చెంగుతో దానిని తుడుచుకొనుచు, సిగ్నలు దొరకు మిట్టకై నడచుట ఈ నిబంధన ఫలితము. సిగ్నలు లేనిచో ఫొటోను నిలువచేసి పిదప పంపు వీలు యాప్‌లో గలదు; కాని వేడికి ఆగిపోయిన ఫోనునకు ఆ వీలును లేదు. ఉపాధి చట్టము పనిచోట త్రాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె యుండవలెనని శాసించినది. హాజరునకు సాధనమైన ఫోను మాత్రము తరచు మేట్ సొంతదే. పనిముట్టును పనివాని నెత్తిన వేయుట న్యాయము గాదు. నీటికుండవలెనే ఆ ఫోనును పని ఖర్చులోనే చేరవలసినది.

2025లో భారత ప్రత్తి సంస్థ మద్దతు ధరకు ప్రత్తి అమ్మదలచిన రైతులు కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకొని స్లాటు తీసుకొనవలెనని విధించుటతో, ఆదోని ప్రాంత రైతుకును స్మార్ట్ ఫోను అమ్మకమునకు అంగమైనది. బటన్ ఫోనుతోనే కాలము గడుపుచు వచ్చినవారు కొడుకునో, ప్రక్కింటి విద్యార్థినో ఆశ్రయింపవలసి వచ్చెను. ఇంటిలో టచ్ ఫోనును ఉంచి, చేనికి బటన్ ఫోను తీసికొనిపోవు పద్ధతి నేటికిని పల్లెలలో గలదు. అది మిక్కిలి వివేకవంతమైన ఏర్పాటు.

ఇటీవలి సంవత్సరములలో మధ్యశ్రేణి ఫోనులకే దార్ఢ్యము తిరిగి చేరుచున్నది. 2024 జూనులో భారత విపణికి వచ్చిన ఒప్పో ఎఫ్ 27 ప్రో ప్లస్ ఐ.పి. 69 ప్రమాణముతో వెలువడినది. పిదప మరికొన్ని సంస్థలును ఆ బాట పట్టినవి. 2025లో శామ్‌సంగు సంస్థ, బ్యాటరీని విప్పి మార్చుకొను వీలుగల ఎక్స్‌కవర్ 7ను వ్యాపార సంస్థల నుద్దేశించి ఇచట ప్రవేశపెట్టెను. క్రొత్త ఫోను కొనలేని పల్లె కుటుంబములకు ఇవి పాతవస్తువులుగా, మరమ్మతులు జరిగిన పిదప, చేరుట సహజము. నీటిని నిరోధించునది తెర అంచున నున్న సన్నని జిగురు పట్టీ. తెర మార్చుటకు దానిని వేడిచేసి తెంచక తప్పదు. క్రొత్త పట్టీని పూర్వమువలె అతికించి, నీరు చొరకుండునా యని పరీక్షించు సాధనము పట్టణపు చిన్న మరమ్మతు బల్లపై నుండదు గనుక, తెర యొకసారి మారిన ఫోనుకు పెట్టెమీది అంకె యట్లే యుండును గాని ఆ రక్షణ యుండదు. పాత ఫోను కొనువారు దాని తెర మునుపు మారినదా యని మొదట అడిగి తెలిసికొనవలెను.