నాలుగో సెల్

మా చిన్నాయన తన మోడల్ విమానానికి ఏ లోటూ చేయలేదు. బల్సా చెక్క పక్కటెముకలు ఒక్కొక్కటే కోసి, గరుకు కాగితంతో రుద్ది, ఐదడుగుల రెక్క కట్టాడు. మంచి బ్రష్‌లెస్ మోటరు, మూడు సెల్స్ లైపో బ్యాటరీ పెట్టాడు. ఒక చలికాలమంతా అది ఆయన వేలు ఎటు కదిలితే అటు తిరిగింది.

ఎగరేసేది షాబాద్ వైపు, పంట కోసేసిన చేనులో. ఒకప్పుడు శంషాబాద్ చుట్టూ ఖాళీ నేలే. 2008 మార్చిలో అక్కడ పెద్ద విమానాలు దిగడం మొదలయ్యాక ఆ ఆకాశం వాటిదైంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య కూడా 200 అడుగులు దాటాలంటే అనుమతి ఉండాలి. అది న్యాయమే. అందుకే దూరం పోయాం.

ఇంకాస్త బలం కావాలని ఎండాకాలంలో నాలుగో సెల్ చేర్చాడు. ప్రొపెల్లర్ చిన్నది వేశాడు, మోటరు లాగే కరెంటు మీటరుతో కొలిచాడు. మోటరు చల్లగానే ఉంది. ఎవరూ చూడనిది మోటరు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ లోపలి చిన్న బీఈసీని. పాత మోడళ్లలో రిసీవర్‌కూ, రెక్క తోక పలకల్ని కదిపే సర్వోలకూ 4.8 వోల్టుల సొంత బ్యాటరీ ఉండేది. బరువు తగ్గుతుందని దాన్ని తీసేసి, మోటరు బ్యాటరీ నుంచే 5 వోల్టులు ఇచ్చే పని బీఈసీకి అప్పగించారు. చిన్నాయన విమానంలోని బీఈసీ లీనియర్ రకం. మిగిలిన వోల్టులను వేడిగా కాల్చేస్తుంది. నిండు మూడు సెల్స్ 12.6 వోల్టులు, అంటే సర్వోలు లాగే ప్రతి ఆంపియర్‌కూ 7.6 వాట్ల వేడి. నాలుగు సెల్స్‌తో 16.8 వోల్టులు, 11.8 వాట్లు. పైన చీటీ మీద 2 ఆంపియర్లు అని మాత్రం ఉంది. ఎన్ని సెల్స్ దాకా అన్న మాట లేదు.

మే నెల. గాలి ఆడని విమానం పొట్టలో, ఎండకు మాడిన చెక్క మధ్య, బీఈసీ తన పని తాను చేస్తూనే ఉంది. చిన్నాయన లూప్ మీద లూప్ తిప్పాడు. ప్రతి మలుపుకూ నాలుగు సర్వోలు కరెంటు లాగాయి. ఒక లూప్ దిగుతుండగా మోటరు చప్పుడు తెగింది. ఆయన స్టిక్ వెనక్కి లాగాడు. ముక్కు లేవలేదు. మళ్లీ లాగాడు. అది తిన్నగా నేలకు వచ్చింది.

పరుగెత్తి చేరేసరికి రెక్క రెండు ముక్కలు. రిసీవర్ దీపం మిణుకుమిణుకుమంటోంది, మధ్యలో కరెంటు పోయి వచ్చిందనడానికి గుర్తు. చిన్నాయన మెడలో వేలాడుతున్న ట్రాన్స్‌మిటర్ స్టిక్ కదిపాడు. విరిగిన తోకలో ఎలివేటర్ లేచింది. వేడెక్కి ఆగిన బీఈసీ చల్లబడి మళ్లీ పని మొదలుపెట్టింది. గాలిలో కావలసిన ఆ నాలుగు సెకన్లు మట్టిలో దొరికాయి.

"బ్యాటరీ మంచిగున్నది, మోటరు తిరుగుతున్నది, సర్వోలు ఆడుతున్నయి. మరెందుకు పడ్డదిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు ఈఎస్‌సీ మీద చెయ్యి వేసినప్పుడు ఆయనకే దొరికింది.

ఆ చేను మీదుగా శంషాబాద్‌కు దిగే ఎ320లో రెండు ఇంజన్లూ ఆగిపోతే పొట్ట కింద నుంచి చిన్న ఫ్యాన్ ఒకటి బయటికొస్తుంది. ఎదురుగాలికే తిరిగి, రెక్క తోక పలకల్ని కదిపే హైడ్రాలిక్ బలాన్నీ అత్యవసర కరెంటునూ ఇస్తుంది. ముందుకు లాగే శక్తి పోయినా పైలట్ చేతికీ రెక్కకూ బంధం తెగకూడదని చేసిన ఏర్పాటు అది. చిన్నాయన విమానంలో వందల వాట్లు మోటరుకు దక్కాయి. దారి చూపే రిసీవర్‌కు గోరంత ముక్క దయే దిక్కయింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

ఆయన దాన్ని మళ్లీ కట్టలేదు. బతికిన సామాను మా వీధి పిల్లలకు ఇచ్చేశాడు. ఇచ్చేముందు ఈఎస్‌సీ ప్లగ్గులో నుంచి మధ్య ఎర్ర తీగ పిన్ను లాగి, టేపు చుట్టి, రిసీవర్‌కు ఐదు నికెల్ సెల్స్ ప్యాక్ విడిగా కట్టాడు.