హోంబ్రూ ఇల్లు మారిన కథ

2001లో వెలువడిన మాక్ ఓఎస్ టెన్ లోపల యూనిక్సే ఉన్నది. కాని ఆ లోకపు ఉచిత సాఫ్టువేరును తెచ్చిపెట్టే సాధనం దానితో రాలేదు. ఆ లోటు పూడ్చడానికి మొదట ఫింక్, 2002లో డార్విన్‌పోర్ట్స్ (నేటి మాక్‌పోర్ట్స్) పుట్టాయి. రెండూ మొహమాటస్తులు, ఎవరికీ అడ్డురాకుండా వేరే ఫోల్డర్లలో కాపురం పెట్టాయి.

2009లో మాక్స్ హోవెల్ రూబీ భాషలో వ్రాసిన హోంబ్రూ అలా కాదు, నేరుగా 'యూఎస్ఆర్' కింది 'లోకల్'లో దిగింది. యూనిక్సు సంప్రదాయంలో అది యంత్రాధికారి స్వయంగా నింపుకొనే చోటు. షెల్ అక్కడ తనంతట వెతుకుతుంది గనుక సదుపాయమే. పైగా ఆ చోటును వాడుకరి పేర వ్రాసేసి, ప్రతిసారీ 'సుడో'తో అనుమతి కోరే పని తప్పించింది. ఒంటరి వాడుకరికి వరం. పలువురు పంచుకొనే యంత్రంలో మాత్రం ఉమ్మడి పెరటిని ఒకరి పేర పట్టా చేసినట్లే. ఆక్షేపణ సబబేనని నా అభిప్రాయం.

2015లో ఆపిల్ యూఎస్ఆర్‌కు తాళం వేస్తూ లోకల్‌ను విడిచిపెట్టింది. ఆక్షేపణలు కదపలేని హోంబ్రూను చివరకు చిప్పు కదిపింది. 2020లో ఆపిల్ సొంత చిప్పులు వచ్చాక, ఇంటెల్ ప్రోగ్రాములూ కొత్తవీ ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండవలసి వచ్చింది. 2021 ఫిబ్రవరి నాటి 3.0.0 కూర్పు కొత్త యంత్రాలపై 'ఆప్ట్' కింద సొంత గడపకు చేరింది. పట్టా మాత్రం ఇప్పటికీ వాడుకరి పేరనే.

ఆ కొత్త చోటును షెల్ తనంతట వెతకదు. అందుకే స్థాపన ముగిశాక, 'పాత్'లో చిరునామా చేర్చే ఆజ్ఞలు తెరపై కనిపిస్తాయి. అవి చదవకుండా కిటికీ మూసినవారు 'బ్రూ' అని కొడితే, ఒకప్పుడు అలాంటి ఆజ్ఞ లేదనే జవాబు వచ్చేది.