ఏడుకు పేరు పెట్టేదెవరు?

మా గూడేల్లో, తండాల్లో పెద్దలను వయసు అడిగితే అంకె చెప్పరు. "గంజి పోసిన ఏడు నేను చంటిబిడ్డను" అంటుంది అవ్వ. "శ్రీశైలం నీళ్ళు ఊళ్ళను ముంచిన ఏడు నాకు పెళ్ళయింది" అంటాడు మామ. కాగితాల్లో మాత్రం ఎవరో తోచిన తేదీ వేసి ఉంటారు. ఆ తేదీ తప్పయినందువల్ల పింఛను కోసం ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు మాలో ఉన్నారు.

పెద్దల లెక్క తెలివితక్కువది కాదు. రాజులు కూడా ఒక గుర్తు పెట్టుకునే ఏళ్ళు లెక్కించారు. కడప జిల్లా కలమళ్ళలోని తొలి తెలుగు శాసనంలో రేనాటి రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు ఉంది, శక సంవత్సరం లేదు. లిపిని బట్టే అది సుమారు 575 నాటిదని పండితులు నిర్ణయించారు. 1076లో గద్దెనెక్కిన చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు శాలివాహన శకాన్ని పక్కనపెట్టి తన పేరనే కొత్త శకం మొదలుపెట్టాడు. ఆ వంశం పోయాక ఆ శకమూ వాడుకలోంచి పోయింది.

దూరాన జపాన్‌లోనూ ఇంతే. చైనా చక్రవర్తుల పద్ధతి చూసి వాళ్ళు కాలానికి పేర్లు పెట్టుకున్నారు. అక్కడి పాత చరిత్ర గ్రంథం నిహోన్ షోకి ప్రకారం మొదటి పేరు 645లో పెట్టిన తైకా, అంటే పెద్ద మార్పు. 650లో ఎవరో తెల్ల నెమలికోడిని కానుకగా తెస్తే, అది శుభమని ఆ పక్షి పేరే కాలానికి పెట్టారు. 701 నుంచి ఈ వరస తెగలేదు. 708లో రాగి దొరికితే రాగి పేరు పెట్టారు. దర్బారుకు శుభం అనిపించిందే కాలానికి పేరయింది.

మన సీమలో జనం పెట్టుకున్న పేర్లలో శుభం తక్కువ. 1876లో మొదలైన మహాకరువు ధాత కరువు. అరవై ఏళ్ళ చక్రంలో ఆ ఏటి పేరు ధాత. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును నందన కరువు అన్నారు, డొక్కల కరువు అని కూడా అన్నారు. 1952లో మళ్ళీ నందన వచ్చింది. ఆ ఏడు రాయలసీమలో గంజి కేంద్రాలు తెరవవలసి వచ్చింది. రాజు పెట్టిన పేరులో రాజు గొప్ప ఉంటే, జనం పెట్టిన పేరులో ఆకలి ఉంది.

ఈ లెక్కకు ఒక చిక్కుంది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. అందుకే పెద్దలను ఇంకో గుర్తు అడగాలి. కర్నూలు రాజధాని అయింది 1953 అక్టోబరు 1న. శ్రీశైలం ముంపు 1981లో. అప్పటికి నడక వచ్చిందా, పెళ్ళయిందా, పిల్లలు పుట్టారా అని అడిగితే ఏడు దొరుకుతుంది.

అయ్యవార్లకూ చదువుకున్న పిల్లలకూ మేము చెప్పేది ఒకటే. అవ్వ చెప్పిన మాటను ఆమె నోట వచ్చినట్టే ముందు రాయండి. అంకె దాని పక్కన వేయండి. అంకె ఒక్కటే రాస్తే పింఛను కాగితానికి పనికొస్తుందేమో గానీ, ఆ ఏడు మనవాళ్ళు ఏం తిని బతికారో చెప్పదు.