ఆదోని సీమలో పసిపిల్లల చదువు: 1823 నాటి ఒక లెక్క

జూన్‌లో బడి తెరిచినప్పుడు తల్లిదండ్రుల నోట ఒక ప్రశ్న వినిపిస్తుంది: "దసరా లోపల మా పిల్లవాడికి ఏమేమి నేర్పుతారు?" చూడటానికి ఇది ఇంటి ముచ్చట. కాని ఒక జాతి తన రేపటి తరాన్ని ఎలా తీర్చిదిద్దుకోదలచిందో ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబులోనే తెలుస్తుంది. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఉరుకుంద, కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో దాదాపు 200 సంవత్సరాల క్రితం ఇదే ప్రశ్నను ఒక ప్రభుత్వం అడిగింది. దానికి వచ్చిన జవాబు నేటికీ భద్రంగా ఉంది.

సీమ, దాని భాషలు

ఈ ప్రాంతానికి సుదీర్ఘమైన ముస్లిం చరిత్ర ఉంది. బీజాపూరు సుల్తానుల కాలంలో సిద్దీ మసూద్ ఖాన్ ఆదోనిని పాలించాడు. పట్టణంలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. తరువాత మొగలులు, నిజాం సోదరుడు బసాలత్ జంగ్, టిప్పు సుల్తాన్ ఈ కోటకు ప్రభువులయ్యారు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేయగా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు అది బళ్ళారిలోనే ఉండి, ఆపైన కర్నూలు జిల్లాలో కలిసింది. కనుక 1823లో బళ్ళారి కలెక్టరు వ్రాసినది ఆదోని సీమకు కూడా వర్తిస్తుంది.

ఇక్కడి ప్రజల నోట తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ పలుకుతాయి. ఒకే మండలంలో ఉరుకుంద ఈరన్న స్వామి క్షేత్రమూ, కౌతాళం ఖాదర్‌లింగ స్వామి దర్గా ఉన్నాయి. శ్రావణ మాసంలో ఉరుకుంద దారి పట్టే జనంలో తెలుగువారెందరో కన్నడిగులూ అందరు. ఇటువంటి చోట పిల్లవానికి మొదట ఏ భాషలో అక్షరం దిద్దించాలన్నది ఎన్నడూ సులువైన విషయం కాదు.

మన్రో ప్రశ్న, క్యాంప్‌బెల్ జవాబు

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఈ దత్త మండలాలకే ప్రధాన కలెక్టరుగా పనిచేసినవాడు. ఆయన 1822 జూన్‌లో రాజధానిలోని అన్ని జిల్లాల కలెక్టర్లను బడుల లెక్క పంపమని కోరాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న (హి. 1238) తన నివేదిక పంపాడు. క్యాంప్‌బెల్ తెలుగు తెలిసినవాడు. 1816లో తెలుగు వ్యాకరణమూ, 1821లో నిఘంటువూ ప్రకటించిన పండితుడు. అందుచేత ఆయన నివేదికలో అంకెలతోపాటు బడి లోపలి సంగతులు కూడా ఉన్నాయి.

జిల్లా జనాభా 9,27,857. బడులు 533. అందులో కన్నడ బడులు 235, తెలుగు 226, మరాఠీ 23, ఫార్సీ 21, తమిళం 4, ఇంగ్లీషు 1. బ్రాహ్మణ విద్యార్థులకు సంస్కృతంలో శాస్త్రాలు చెప్పే స్థలాలు 23. విద్యార్థుల మొత్తం 6,641. అంటే బడికి పన్నెండు మంది, జనాభాలో వెయ్యికి ఏడుగురు మాత్రమే. వీరిలో హిందువులు 6,398, ముస్లింలు 243. ఆడపిల్లలు అరవై మంది. ఆ అరవై మందీ హిందువులే. ముస్లిం బాలిక ఒక్కతె కూడా ఆ పట్టికలో లేదు.

నాటి పాఠక్రమం

హిందూ బాలుడు అయిదవ ఏట బడిలో చేరేవాడు. పంతులూ తోటి పిల్లలూ ఇంటికి వచ్చి గణపతి పూజ చేయించి, బియ్యంలో వ్రేలితో అక్షరం దిద్దించేవారు. బడి ఉదయం ఆరు గంటలకు మొదలు. మొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెంపు. పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో వ్రాసి, తరువాత పలక మీదికీ, నల్లగా పూసిన బట్టతో చేసిన కడితం మీదికీ వెళ్ళేవారు. దానిపై బలపంతో వ్రాసేవారు. అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు, ఉత్తరాలు చదవడం, పురాణ పద్యాలు, ఇదీ వరుస.

పెద్ద తరగతి పిల్లలు చిన్నవారికి చెప్పడం ఈ బడుల విశేషం. క్యాంప్‌బెల్ దీనిని మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించడం తగినదే అన్నాడు. మద్రాసు అనాథాశ్రమంలో ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని అమలు చేసి 1797లో దానిపై పుస్తకం ప్రకటించాడు. ఇసుకలో అక్షరం దిద్దిన మన పల్లె బడి ఆ విధంగా సముద్రాలు దాటింది.

ముస్లిం ఇళ్ళలో చదువు బిస్మిల్లాతో మొదలయ్యేది. ఏలూరు వాసి జాఫర్ షరీఫ్ కూర్చగా డాక్టర్ హెర్‌క్లాట్స్ ఇంగ్లీషులోకి తెచ్చి 1832లో ప్రకటించిన "ఖానూనె ఇస్లాం" గ్రంథం, బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు జరిపే ఈ వేడుకను వర్ణించింది. ఆపైన అలీఫ్ బే, ఖుర్ఆన్ పారాయణం. చదువు సాగినవారికి సాదీ గులిస్తాన్, బోస్తాన్. ఫార్సీ అప్పటికింకా కొలువుల భాష.

అర్థం తెలియని చదువు

అయితే క్యాంప్‌బెల్ ఒక లోపాన్ని ఎత్తి చూపాడు. బడిలో వల్లించే పద్యాల భాష వేరు, ఇంట మాట్లాడే భాష వేరు. పిల్లవాడు పద్యాన్ని తప్పు లేకుండా అప్పజెప్పగలడు గాని దాని భావం చెప్పలేడు. చాలాచోట్ల పంతులుకే భావం తెలియదు అని ఆయన వ్రాశాడు.

ఈ విమర్శ విన్నప్పుడు ఇస్లామీ విద్యాచరిత్ర చదివినవారికి మరొక పేరు జ్ఞాపకం రాక మానదు. ఇబ్నె ఖల్దూన్ 1377లో (హి. 779) వ్రాసిన "ముఖద్దిమా"లో పిల్లల చదువుకై ఒక ప్రత్యేక ప్రకరణం కేటాయించాడు. మగ్రిబ్ వాసులు పిల్లలకు ఖుర్ఆన్ తప్ప మరొకటి నేర్పరనీ, అందలూస్ వాసులు దానితోపాటు అరబీ వ్యాకరణం, కవిత్వం, చక్కని వ్రాత నేర్పుతారనీ ఆయన పోల్చి చూపాడు. సెవిల్లె నగరానికి చెందిన ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ (మరణం 1148) మొదట భాష, కవిత్వం, ఆపైన లెక్కలు, తరువాతనే ఖుర్ఆన్ నేర్పాలని, అర్థం కాని దానిని పసివాని చేత చదివించడం తగదని సూచించిన సంగతినీ ఉటంకించాడు. ఇబ్నె ఖల్దూన్ ఈ సూచనను శ్లాఘించాడు. కాని ఆచారం దీనికి ఒప్పుకోదనీ, బాల్యంలో తప్పితే ఖుర్ఆన్ నేర్చే అవకాశమే కొందరికి దొరకదనీ కూడా అన్నాడు. దెబ్బలతో నేర్పిన చదువు పిల్లవానిలో అబద్ధాన్నీ కపటాన్నీ పెంచుతుందని హెచ్చరించింది కూడా ఆయనే. ఆలస్యానికి దెబ్బలు లెక్కించిన బళ్ళారి బడికి ఆ హెచ్చరిక చక్కగా అన్వయిస్తుంది.

పట్టికలో లేని బిడ్డలు

533 బడులలో ఒక్కదానికీ ప్రభుత్వ సహాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని క్యాంప్‌బెల్ ఒప్పుకున్నాడు. పూర్వం పెద్ద బడులు ఉన్న గ్రామాలలో ఇప్పుడు బడే లేదనీ వ్రాశాడు. దానికి కారణం దేశం క్రమంగా పేదది కావడమే. ఐరోపా బట్టలు వచ్చి ఇక్కడి నూలు నేతను దెబ్బతీశాయి. పేద తల్లిదండ్రులు పంతులుకు జీతం ఇచ్చుకోలేరు. పసి చేతులకు కాస్త బలం రాగానే పనికి పంపక తప్పదు. నేతపనితో బ్రతికిన ఆదోని సీమకు ఈ మాటలు ఎంత దగ్గరివో వేరే చెప్పనక్కరలేదు.

ముస్లిం బాలికల సంగతిలో ఒక జాగ్రత్త అవసరం. బడుల పట్టిక ఇంటి చదువును లెక్కించలేదు. మద్రాసు నగరంలో ఇళ్ళలో చదువుకునే పిల్లలు 26 వేలకు పైగా ఉన్నారని అక్కడి కలెక్టరు తెలిపాడు; మన్రో ఆ సంఖ్యను కొంత సందేహంతోనే చూశాడు. ఇంట్లో ఖుర్ఆన్ నేర్చిన ఆడపిల్లలు ఆదోనిలోనూ ఉండి ఉండవచ్చు. కాని ఆ ఊహను అడ్డుపెట్టుకొని ఆ సున్నను తుడిచివేయలేము. బద్ర్ యుద్ధఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలు పదిమందికి వ్రాత నేర్పితే విడుదల చేస్తామన్న ప్రవక్త (స) సంప్రదాయానికి వారసులమని చెప్పుకునే సమాజం ఆ సున్నకు జవాబు చెప్పుకోవాలి.

మన్రో 1826లో ప్రతి జిల్లాలో హిందువులకు ఒకటి, ముస్లింలకు ఒకటి చొప్పున బడులు, ప్రతి తహసీలుకు ఒక బడి ప్రతిపాదించాడు. ఆయన మరుసటి ఏడే కన్నుమూశాడు. ఆ ప్రయత్నం పదేళ్ళు దాటి నిలవలేదు. 1837 చట్టంతో కచేరీలలో ఫార్సీకున్న స్థానమూ పోయింది. కొలువు కోసం ఫార్సీ నేర్చినవారు దారి మార్చుకోవలసి వచ్చింది.

నేటికి మిగిలిన ప్రశ్నలు

ఈ నివేదికను చూపి గతమంతా స్వర్ణయుగమని చెప్పేవారున్నారు. గతమంతా చీకటి అనేవారూ ఉన్నారు. వెయ్యికి ఏడుగురు చదివిన కాలాన్ని స్వర్ణయుగమనలేము. ప్రభుత్వ సాయం లేకుండానే 533 బడులు నిలబెట్టుకున్న పల్లెలను చీకటి పల్లెలనీ అనలేము.

నేడు అదే సీమలో ప్రభుత్వ పాఠశాలలున్నాయి, పుస్తకాలు ఉచితం, బాలికలు బాలురతో సమంగా పేరు నమోదు చేసుకుంటారు. తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం పాఠ్యాంశాలు. అయినా పాత చిక్కులు పూర్తిగా పోలేదు. ఇంట దక్కనీ లేక కన్నడం మాట్లాడే బిడ్డ బడిలో మరో రెండు భాషలతో కుస్తీ పట్టవలసి వస్తున్నది. వానలు లేని ఏడు కౌతాళం, కోసిగి ప్రాంతాల కుటుంబాలు సుగ్గికి బయలుదేరి గుంటూరు వైపు పత్తి, మిరప చేలకు పోతాయి. వారితో పిల్లలూ పోతారు. హాజరు పట్టీలో పేరు ఉంటుంది, బల్ల మీద బిడ్డ ఉండడు.

కాబట్టి "ఏమి నేర్పుతారు?" అన్న ప్రశ్నకు తోడుగా ప్రతి జమాతు, ప్రతి తల్లిదండ్రి మరి రెండు ప్రశ్నలు వేయాలి. నేర్పినది బిడ్డకు తన మాటలలో చెప్పడం వచ్చిందా? ఆ పాఠం జరిగిన రోజున బడికి రాని బిడ్డ ఎవరు, ఎందుకు రాలేదు? క్యాంప్‌బెల్ పట్టికలో మొదటి ప్రశ్నకు జవాబు వివరంగా దొరికింది. మిగిలిన రెండింటికీ జవాబు అతని చింతలోనూ, ఆ పట్టికలోని సున్నలోనూ మిగిలిపోయింది. దానిని పూరించవలసిన బాధ్యత ఇప్పుడు మసీదు చావడిలో కూర్చున్న పెద్దలది, బిడ్డ చేయి పట్టుకొని బడి గుమ్మం దాకా నడిచే తల్లిది.