బుడమేరు పాత దారి

బుడమేరును విజయవాడ "దుఃఖదాయిని" అని వ్రాయడం పత్రికలకు చాలాకాలంగా అలవాటు. తెలుగు పాఠం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక ఆ విశేషణం దగ్గర నా మనస్సు ఆగిపోతుంది. దాయిని అంటే ఇచ్చునది. ఇచ్చేవారిని నిందించే ముందు, ఇచ్చినది ఏమిటో, దానిని ఆ చేతికి అందించినవారు ఎవరో విచారించడం న్యాయం. ఈ చిన్న వ్యాసంలో ఆ విచారణే చేస్తాను.

ముందు పేరు చూద్దాం. బుడమ + ఏరు = బుడమేరు, అత్వసంధి. బుడత, బుడ్డ అనే మాటలలోని చిన్నతనమే ఇందులోనూ ఉన్నదని నాకు తోస్తుంది. చేలగట్లపై ప్రాకే బుడమకాయ తీగతో ముడిపెట్టినా కాదనలేము. మొదటి భాగం మాట ఎట్లా ఉన్నా రెండవ భాగం నిస్సందేహం. మునేరు, పాలేరు, తమ్మిలేరు, రామిలేరు, ఉప్పుటేరు వలెనే ఇదీ ఏరు. వంక కంటె వాగు పెద్దది, వాగు కంటె ఏరు పెద్దది. మన పూర్వులు ఈ తారతమ్యం తెలిసే పేర్లు పెట్టారు. నగరంలో పుట్టి పెరిగిన పిల్లలను అడిగితే దీనిని "మురుగుకాలువ" అంటారు. మాట మారినప్పుడు చూపు కూడా మారినదని గ్రహించాలి.

సుమతీ శతకకారుడు కాపురముండదగిన ఊరికి కావలసినవాటిలో ఏరును కూడా చేర్చాడు. అయితే ఆయన కోరినది ఎల్లవేళలా పారే ఏటిని. బుడమేరు ఆ కోవలోనిది కాదు. మైలవరం ప్రాంతపు కొండలలో పుట్టిన వాగులు కలిసి ఏరైనది. కొండలలో వాన పడితే గంటలలో నిండుతుంది, వాన వెలిసిన కొన్నాళ్లకు సన్నగిల్లుతుంది. ఇటువంటి ఏటికి రెండు వెడల్పులుంటాయి. ఒకటి వేసవిలో కంటికి కనబడేది, రెండవది పెద్దవానకు కావలసినది. మనుష్యులు మొదటిదానిని చూసి ఇళ్లు కట్టుకుంటారు. "ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య" అనే సామెత మల్లయ్యకే కాదు, ఏటికీ వర్తిస్తుంది.

ఇక దారి. కొండలు దిగిన బుడమేరు వెలగలేరు మీదుగా వచ్చి, విజయవాడకు ఉత్తరపు అంచున అజిత్‌సింగ్ నగర్ ప్రాంతాన్ని ఒరుసుకుంటూ, గుణదల, రామవరప్పాడు, ఎనికెపాడుల మీదుగా తూర్పునకు సాగుతుంది. గన్నవరం దగ్గరి కేసరపల్లి దాటి, నందివాడ ప్రాంతపు పల్లపు పొలాలగుండా కొల్లేటిని చేరుతుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ ఒక విశేషమున్నది. ప్రక్కనే కృష్ణానది ఉన్నా, స్వభావసిద్ధంగా బుడమేరు దానిలో కలవదు. నేల వాలు దానిని తూర్పునకే నడిపించినది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథ అంతా అర్థమవుతుంది.

ఈ దారికి అడ్డం వచ్చిన మొదటి పెద్ద కట్టడం కాలువ. 1855లో బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట పూర్తయినది. ఏలూరు కాలువ తూర్పు డెల్టాకు నీటినీ, పడవలకు దారినీ ఇచ్చినది. కృష్ణా జిల్లా అన్నపూర్ణ అయినది ఆ కాలువల చలువవల్లనే, ఆ ఋణం తీరేది కాదు. కాని ఏలూరు వైపు సాగే కాలువా, కొల్లేటి వైపు సాగే ఏరూ ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పదు. ఎనికెపాడు దగ్గర కాలువ పైన, ఏరు క్రింద. బుడమేరు అక్కడ కాలువ అడుగున కట్టిన సొరంగంలోనుంచి పోతుంది. ఇంజనీర్లు దానిని "యూటీ", అనగా అండర్ టన్నెల్ అంటారు. సొరంగానికి కట్టినవాడు నిర్ణయించిన కొలత ఉంటుంది, వానకు ఉండదు.

రెండవది ఇనుపదారి. 1889లో నిజాం రాజ్యపు రైలు బెజవాడ చేరినది. తరువాత ఉత్తరానికి తూర్పుకోస్తా మార్గం పడినది. రైలుకు కట్ట కావాలి, కట్టకు వంతెన ఎంత పొడవు పెడితే అంతే నీరు పోతుంది. కాలక్రమాన రహదారులు కూడా ఇట్లే మెరక వేసుకున్నాయి.

మూడవది ఏటినే మళ్లించిన కట్టడం. 1964 వరద తరువాత వెలగలేరు దగ్గర పదకొండు తలుపుల రెగ్యులేటరు కట్టి, అక్కడినుండి ఇబ్రహీంపట్నం వైపు ఒక మళ్లింపు కాలువ త్రవ్వి, బుడమేటి వరదను ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. నేల తూర్పునకు పంపిన నీటిని మనిషి దక్షిణానికి త్రిప్పినాడు. కృష్ణ తగ్గి ఉన్నప్పుడు ఇది చక్కని ఉపాయమే. కృష్ణ కూడా పొంగి ఉంటే మాత్రం మళ్లింపు కాలువ నీటిని నది స్వీకరించదు. నీరు వెనుకకు ఎగదన్నుతుంది. అప్పుడు గట్లు తెగుతాయి, లేదా తలుపులెత్తి పాత దారినే వదలవలసివస్తుంది.

ఈలోగా పాత దారి ఏమైనది? వరద కృష్ణలోకి పోతున్నది కదా అనే ధీమాతో నగరం ఉత్తరంగా పెరిగినది. 1888లో పురపాలక సంఘమైన బెజవాడ 1981లో నగరపాలక సంస్థ అయినది. పనికోసం పల్లెలనుండి వచ్చినవారికి కృష్ణ ఒడ్డునా, బందరు రోడ్డునా స్థలం కొనే శక్తి లేదు. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల పల్లం వారికి అందుబాటులో ఉన్నది. అక్కడ ఆక్రమించుకున్నవారూ ఉన్నారు, రిజిస్ట్రీ చేయించుకుని రూపాయి రూపాయి కట్టినవారూ ఉన్నారు. వాంబే కాలనీవంటిది ప్రభుత్వ పథకం పేరు మీదనే వెలసినది. ఏలికలే చూపిన చోట ఇల్లు కట్టుకున్నవానిని ఏటిని కబళించినవాడు అనడానికి నాకు నోరు రాదు.

ఉద్యోగరీత్యా బుడమేటి దిగువ పల్లెలలో కొన్నేళ్లు పనిచేశాను. ఆ బడులలో హాజరుపట్టీయే మాకు వర్షమాపకం. ఏటి అవతలి ఊళ్ల పేర్లకెదురుగా వరుసగా సున్నాలు పడితే కొండలలో వాన పడినదని తెలిసేది. పది రోజులకు పిల్లలు తిరిగి వచ్చేవారు, పుస్తకాలు మాత్రం ఉబ్బిపోయి ఉండేవి. ఊరు మెరక మీద, పొలం పల్లంలో అన్న పెద్దల పద్ధతివల్ల అక్కడ పైరు పోయినా ప్రాణం దక్కేది. నగరంలో ఆ పద్ధతి తలక్రిందులైనది.

2005 సెప్టెంబరు వరద ఈ సంగతి ఒకసారి చెప్పినది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుంభవృష్టి మరల చెప్పినది. మళ్లింపు కాలువకు కవులూరు వైపున మూడు గండ్లు పడినాయి. ఆ సమయంలోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో మునుపెన్నడూ లేనంతగా పొంగినది. రాయనపాడు రైల్వే స్టేషను మునిగినది. సింగ్ నగర్ పరిసరాలలో మొదటి అంతస్తులవారు మేడపైకి, గుడిసెలవారు వంతెన పైకి చేరారు. సైన్యం సాయంతో మూడవ గండి సెప్టెంబరు 7న పూడినది. వారం దాటినా కొన్ని వీధులలో నీరు తీయలేదు. ప్రాణాలు పోయినవి, బీరువాలలోని పట్టాలూ, పిల్లల సర్టిఫికెట్లూ ముద్దలైనవి. ఆ నీరు నడిచిన దారిని పటం మీద చూడండి. కొత్త దారి ఏదీ కాదు, 1964కు ముందు నడిచినదే.

కనుక దుఃఖాన్ని ఇచ్చినది ఏరు అనడం సగం మాటే. కాలువ, రైలుకట్ట, మళ్లింపు - ఒక్కొక్కటీ తన కాలానికి ఉపకారమే చేసినది. ఒకదాని లెక్క మరొకదానితో కలిపి చూడకపోవడం, ఆ లెక్క తప్పినప్పుడు మునిగేవారు ఎప్పుడూ పల్లపువారే కావడం, ఇవీ దుఃఖకారణాలు. ఏటికి వెడల్పు తిరిగి ఇవ్వవలసినదే, సందేహం లేదు. దానికోసం లేపిన ఇంటికి ముందుగా మెరక మీద చోటు చూపడం కూడా ఆ పనిలో భాగమే. చోటు చూపకుండా లేపితే వారు మరొక వాగు ఒడ్డునే దిగుతారు, వారికి వేరే దారి లేదు.

మాస్టారుగా నాకు చేతనైన సూచన ఒకటి చేస్తాను. బుడమేటి దారిలోని ప్రతి బడి గోడమీద 2005లోను, 2024లోను నీరు ఎంతవరకు వచ్చినదో గీత గీసి, సంవత్సరం వ్రాయాలి. ప్రక్కన మైలవరం కొండలనుండి కొల్లేటిదాకా ఏటి పటం వేయాలి. స్థలం కొనబోయేవాడు ఎవరినీ అడగనక్కరలేకుండా, బడి గోడ చూసి తన గుమ్మం ఎత్తు నిర్ణయించుకుంటాడు. పిల్లలు కూడా దానిని మురుగుకాలువ అనకుండా ఏరు అనడం నేర్చుకుంటారు.