అచ్చు గుద్దిన వజ్రాలు

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం న్యూహేవెన్‌లో వించెస్టర్ కంపెనీ 1936 నుంచి తయారుచేస్తూ వచ్చిన మోడల్ 70 రైఫిల్‌కు వేటగాళ్లలో ఉన్న పేరు అంతా ఇంతా కాదు. 1964లో ఖర్చు తగ్గించుకోవాలని కంపెనీ దాన్ని మార్చేసింది. లోపలి యంత్రాంగంలో చేసిన మార్పుల గురించి నిపుణులు వాదించుకున్నారు. దుకాణంలో తుపాకీ అందుకున్న మామూలు మనిషికి మాత్రం తేడా ముందు అరచేతికే తెలిసింది. కర్ర మీద కోసిన గళ్లు ఉండాల్సిన చోట ఉక్కు అచ్చుతో గుద్దిన గుర్తులున్నాయి. పైకి పొడుచుకు రావాల్సిన వజ్రాలు లోపలికి గుంటలు పడి ఉన్నాయి.

ఈ గళ్ల పనినే చెకరింగ్ అంటారు. ట్రిగ్గర్ వెనక చెయ్యి బిగించే చోట, గొట్టం కింద రెండో చెయ్యి ఆనే చోట కర్రలో ఒకదాన్నొకటి దాటేలా గాళ్లు కోస్తే మధ్యలో చిన్న చిన్న వజ్రాలు తేలతాయి. చెమట పట్టినా, వానలో తడిసినా చెయ్యి జారదు. పద్దెనిమిదో శతాబ్దం చివరికి లండన్ పనివాళ్లు దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. జోసెఫ్ మాంటన్ లాంటివాళ్ల కాలం అది. అప్పటి గళ్లు పెద్దవి, తలలు చదునుగా ఉండేవి. కొన్నింటిలో ఒక్కో గడి నడుమ ఒక చుక్క కూడా పొడిచేవారు. మాంటన్ దగ్గర పనిచేసిన జేమ్స్ పర్డీ 1814లో సొంత దుకాణం పెట్టుకున్నాడు. ఇంగ్లిష్ తుపాకీ పనిలో గొట్టానికో మనిషి, కర్రకో మనిషి, నగిషీకో మనిషి. తరవాతి కాలంలో లండన్, బర్మింగ్‌హామ్ తుపాకులు మన సంస్థానాలకూ చేరాయి. పులివేటలో పేరుపడ్డ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలానికి ఈ గళ్లు మంచి తుపాకీకి ఆనవాలు అయిపోయాయి.

పని ఎలా సాగుతుందో చూస్తే వించెస్టర్ ఎందుకు తప్పించుకోవాలనుకుందో అర్థమవుతుంది.

కర్రను నునుపు చేసి, నూనె పట్టించి, బాగా ఆరాకే ఇది మొదలవుతుంది. రెండు కొసలూ బిగించి, కావలసినట్టు తిప్పుకునే చట్రంలో దాన్ని పెడతారు. మొదట రెండే గీతలు. ఒకదాన్నొకటి దాటే ఆ మూలగీతల కోణమే మిగతా పనంతటినీ శాసిస్తుంది. వజ్రం పొడవు వెడల్పుకు మూడు రెట్లుండాలనుకుంటే గీతలు దాదాపు 37 డిగ్రీల కోణంలో కలవాలి. పిడి గుండ్రన కాబట్టి మామూలు స్కేలు పనికిరాదు. వంగే పట్టీ చుట్టి గీస్తారు. ఆ తరవాత రెండు వరసల పళ్లున్న పనిముట్టు చేతికొస్తుంది. ఒక వరస అంతకుముందు కోసిన గాడిలో నడుస్తుంటే, రెండోది పక్కన కొత్త గాడి తీస్తుంది. అంటే ప్రతి గీతకూ దాని ముందు గీతే కొలబద్ద. మొదట్లో వెంట్రుకవాసి వంకర పోతే ఆ వంకర అంచు దాకా వెంటాడుతుంది.

మొదటి విడత గాడి పైపైనే పడుతుంది. రెండు దిక్కులా గీతలు పూర్తయ్యాక, ఒకే వరస పళ్లున్న పనిముట్టుతో మళ్లీ మళ్లీ లోతు చేస్తారు. మూడు నాలుగు విడతలకు గాని తలలు సూదిగా తేలవు. దీపం పక్కనుంచి, కిందుగా పడాలి. లోతు తెలిసేది నీడల్లోనే. టూత్‌బ్రష్‌తో పొట్టు దులుపుకుంటూ పోవాలి. కర్ర పోగు ఎదురు తిరిగిన చోట తొందరపడితే వజ్రం తల ఎగిరిపోతుంది. అంగుళానికి 24 గీతలు కోస్తే గీతకూ గీతకూ మధ్య ఒక మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ దూరం. చదరపు అంగుళంలో దాదాపు 345 వజ్రాలు. గట్టి పోగున్న అక్రోటు కర్ర ఆ సన్నదనాన్ని తట్టుకుంటుంది. మెత్తని కర్రకు 18, 20 గీతలే మేలు. మరీ సన్నగా కోయించుకోవడం నా దృష్టిలో వట్టి సోకు, చేతికి పట్టు దొరకదు.

అసలు పరీక్ష అంచు దగ్గర. గీత సరిగ్గా అక్కడే ఆగాలి. చుట్టూ వెడల్పాటి అంచుగీత ఉంటే దాటిపోయిన తప్పులు దాని కింద దాగుతాయి. అంచుగీత లేని పని చూస్తే ఆ చేతికి దండం పెట్టాల్సిందే.

ఇంత కూలి భరించడం కష్టమని ఫ్యాక్టరీలు అనుకోవడంలో వింత లేదు. రెమింగ్టన్ 1962లో తెచ్చిన మోడల్ 700కు కూడా అచ్చు గళ్లే. కానీ మోడల్ 70 మీద జనానికి మమకారం ఎక్కువ. ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలో ఏళ్లతరబడి తుపాకుల గురించి రాసిన జాక్ ఓ’కానర్ కూడా కొత్త రూపం చూసి పెదవి విరిచాడు. ఆయనకిష్టమైన మోడల్ 70కి కర్ర పని చేసింది స్పోకేన్ పనివాడు ఆల్ బీసెన్ మరి! 1968లో రూగర్ కంపెనీ తన ఎం77ను కోసిన గళ్లతోనే మార్కెట్లోకి తెచ్చింది. 1970ల మొదట్లో వించెస్టర్ కూడా దారికొచ్చి గళ్లు మళ్లీ కోయించింది, కాకపోతే యంత్రంతో. ఇప్పుడు లేజర్లూ ఆ పని చేస్తున్నాయి. 1964కు ముందరి మోడల్ 70లకు మాత్రం నేటికీ గిరాకీ తగ్గలేదు.

మీ ఇంట్లో తాతల నాటి లైసెన్సు తుపాకీ ఉంటే ఒక్క మాట. కర్ర నల్లబడిందని గళ్ల మీద గరుకు కాగితం రుద్దించకండి. గాళ్లలో పేరుకున్నది చాలావరకు పాత నూనె, మట్టి. మెత్తని బ్రష్‌కు కాస్త టర్పెంటైన్ అద్ది తుడిస్తే వస్తుంది. ఆరాక అవిసె నూనె పలచగా పట్టిస్తే చాలు. తలలు బాగా అరిగిపోతే పాత గాడి వెంటే మళ్లీ లోతు చేయించవచ్చు. కొత్తగా గీతలు వెయ్యనివ్వకండి.